సోమాలియా నుంచి మలావీ దాకా: కరువు వస్తుందని ముందే తెలిసినా సాయం ఎందుకు ఆలస్యమవుతోంది?

వానలెక్క (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. తుఫాను వస్తోందంటే రెండు మూడు రోజుల్లోనే లక్షల మందిని షెల్టర్లకు తరలిస్తున్నాం. కరువు అలా కాదు, నెలల ముందే కనిపిస్తుంది. అయినా జనం చనిపోతూనే ఉన్నారు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

2010 ఆగస్టులోనే తూర్పు ఆఫ్రికాలో వానలు తప్పుతాయని హెచ్చరికలు మొదలయ్యాయి. 1984 ఇథియోపియా క్షామం తర్వాత అమెరికా పెట్టిన ఫ్యూస్‌నెట్ అనే వ్యవస్థ ఉంది. కరువును ముందే పసిగట్టి చెప్పడమే దాని పని. అది నెలనెలా రిపోర్టులు ఇస్తూ వచ్చింది. సోమాలియాలో క్షామం ఉందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది మాత్రం 2011 జులై 20న. తర్వాత జరిగిన అధ్యయనంలో తేలిన మృతుల అంచనా దాదాపు 2,58,000. అందులో సగానికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలు.

కరువును ఎదుర్కోవడంలో దేశాలు ఒకదానికొకటి ఏ విధంగా ఉపయోగపడగలవు? నిజంగా పనిచేసినవి ఏవి, పేపర్ మీదే మిగిలినవి ఏవి? వేరే దేశాల్లో ఉన్న మనవాళ్లు, ఊళ్లో వ్యవసాయం చేస్తున్నవాళ్లు, ఇద్దరూ రాస్తే బాగుంటుంది.

సీమరైతు

మాది అనంతపురం జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పెద్ద సంగతి మాకు. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తా. మా మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలంటేనే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆరుద్రలో పదును లేక వేరుశనగ విత్తనం పడదు. పడినా ఊడలు దిగే టైముకి వాన మొహం చాటేస్తుంది. అప్పుడు సర్వే చేసి, ఫైలు పైకి పోయి, ఇన్‌పుట్ సబ్సిడీ వచ్చేసరికి మళ్లీ తొలకరి వస్తుంది. మన రాష్ట్రం లోపలే పరిస్థితి ఇట్లుంటే జెనీవాలో, బాన్‌లో ఐరాస ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు మాకేం చేస్తారు?

కరువు ఎవరి ఊళ్లో వస్తే ఆ ఊరి ప్రభుత్వమే చూసుకోవాలి. బయటివాళ్లు బియ్యం బస్తాలు పంపగలరు, అంతే.

వాణి_నైరోబీ

సీమరైతు గారూ, మీ కోపం న్యాయమే. కానీ కరువు అనేది మండలాల, దేశాల సరిహద్దుల దగ్గర ఆగదు కదండీ. నేను పశుపోషణకు సంబంధించిన పనిలో కెన్యాలో ఉంటున్నాను. ఉత్తర కెన్యా, దక్షిణ ఇథియోపియా, సోమాలియా మూడూ కలిసి ఒకే మేత ప్రాంతం. మేత ఎటు ఉంటే ఒంటెలు, మేకలు అటు పోతాయి, వాటి వెనకే కుటుంబాలు. 1986లో ఇక్కడి దేశాలన్నీ కలిసి జిబూతిలో ఒక సంస్థ పెట్టుకున్నాయి. ఇప్పుడు దాన్ని ఇగాడ్ అంటారు. పెట్టింది కరువు కోసమే. 1998 నుంచి ఈ ప్రాంతపు వాతావరణ శాఖలన్నీ సీజన్‌కు ముందు ఒకచోట కూర్చుని ఉమ్మడిగా ఒకే అంచనా ఇస్తున్నాయి. ఒక దేశం 'వానలు బాగుంటాయి' అని, పక్క దేశం 'ఉండవు' అని చెప్పే పరిస్థితి చాలావరకు తప్పింది. బయట పెద్దగా ఎవరికీ తెలియదు కానీ ఇది చాలా పెద్ద పని.

ఇక 2011లో ఎందుకు ఆలస్యమైందంటే, వాన ఒక్కటే కారణం కాదు. అప్పట్లో దక్షిణ సోమాలియా చాలావరకు అల్ షబాబ్ అనే సాయుధ తీవ్రవాద సంస్థ చేతిలో ఉండేది. బెదిరింపుల వల్ల ప్రపంచ ఆహార కార్యక్రమం 2010 జనవరిలోనే అక్కడ పని ఆపేసింది. ఇంకోపక్క, సాయం వాళ్ల చేతికి పోతే కేసులవుతాయని అమెరికా చట్టాలకు భయపడి సంస్థలు వెనక్కి తగ్గాయి. దాతలు మాత్రం 'క్షామం' అనే మాట అధికారికంగా వచ్చేదాకా చెయ్యి విదల్చలేదు. ఆ మాట రావాలంటే లెక్కలు ఎంత దారుణంగా ఉండాలో చూడండి. 20 శాతం కుటుంబాలకు తిండి దాదాపు లేకుండా పోవాలి, 30 శాతం పిల్లలు తీవ్ర పోషకాహార లోపంతో ఉండాలి, రోజుకు ప్రతి 10,000 మందిలో ఇద్దరు చనిపోతూ ఉండాలి. అంటే అది ముందస్తు హెచ్చరిక కాదు, జరిగిపోయిన నష్టానికి వేసే ముద్ర. ఆ ముద్ర పడ్డాక డబ్బు పంపితే అది ఎవరికి అందుతుంది?

పశువుల సంగతీ అంతే. కరువు ముదిరేకొద్దీ మేక ధర పడిపోతుంది, మొక్కజొన్న ధర పెరుగుతుంది. మామూలు రోజుల్లో మేకనమ్మితే వచ్చే గింజల్లో సగం కూడా రాని రోజొకటి వస్తుంది. ఆ రోజు రాకముందే చేతికి డబ్బు అందితే మేత కొంటారు, నాలుగు మేకలైనా నిలబడతాయి. అవి చచ్చాక బస్తాలు పంపితే ఆ పూటకు కడుపు నిండుతుంది కానీ మంద తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

2011 తర్వాత కొంత మార్పు వచ్చింది. కెన్యాలో కరువు కోసమే ఒక అథారిటీ ఉంది. తుర్కానా, మార్సాబిట్, వజీర్, మండేరా జిల్లాల్లో ఉపగ్రహం చూసే పచ్చదనం ఒక గీత కిందికి దిగితే, మామూలుగా సాయం అందే కుటుంబాలతో పాటు అదనపు కుటుంబాల ఖాతాల్లోకి కూడా డబ్బు పడే ఏర్పాటు చేశారు. మొదట్లో దానికి బ్రిటన్ డబ్బు పెట్టింది. 2016-17లో సోమాలియాలో మళ్లీ అదే ప్రమాదం వచ్చినప్పుడు సాయం త్వరగా కదిలింది, క్షామం దాకా పోలేదు.

వానలెక్క

> 2016-17లో సాయం త్వరగా కదిలింది

వాణి గారూ, మరి 2022 సంగతేంటి? వరుసగా ఐదు సీజన్లు వానలు తప్పాయి. క్షామం ప్రకటించలేదు కాబట్టి గండం గడిచిందన్నారు. కానీ సోమాలియా ఆరోగ్య శాఖ, యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 43,000 అదనపు మరణాలు. సగం మంది ఐదేళ్ల లోపు పిల్లలే.

వాణి_నైరోబీ

నిజమే. దాన్ని విజయం అనను. ఉక్రెయిన్ యుద్ధం మొదలై గోధుమ ధరలు పెరగడం, దాతల దృష్టి అటు పోవడం, రెండూ ఒకేసారి జరిగాయి. ప్రతి కరువుకూ కొత్తగా చందాలు అడుక్కునే పద్ధతి ఉన్నంతకాలం, అదే ఏడాది ప్రపంచంలో ఇంకో పెద్ద కష్టం వస్తే సోమాలియా వెనక్కి పోతుంది. అందుకే డబ్బు ముందే పక్కన పెట్టి, ఏ అంకె దాటితే విడుదల చేయాలో కూడా ముందే రాసుకోవాలి అంటున్నాను. ఐరాస అత్యవసర నిధి 2020లో సోమాలియాలోనే ఈ పద్ధతిని మొదటిసారి పరీక్షించింది. అంచనాల ఆధారంగా, కష్టం ముదరకముందే 1.5 కోట్ల డాలర్లు విడుదల చేసింది. అవసరంతో పోలిస్తే చిన్న మొత్తమే కానీ దారి అదే.

పాలమూరు_శ్రీను

ముందే రాసుకున్న అంకె, దాటితే డబ్బు. వాణి మేడమ్ చెప్తున్న ఈ పద్ధతి మన దేశంలో మొదలైందే మా జిల్లాలో. 2003లో మహబూబ్‌నగర్‌లో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి వాన బీమా పెట్టాయి. ప్రపంచ బ్యాంకు వాళ్లు టెక్నికల్ సాయం చేశారు. వేరుశనగ, ఆముదం రైతులకు. పంట చూసేది లేదు, సర్వే లేదు, రెయిన్ గేజ్‌లో అంకె తగ్గితే పైసలు. తర్వాత ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో ఇలాంటివి పెట్టినప్పుడు పాలమూరు అనుభవాన్ని కూడా ముందు పెట్టుకున్నారు.

మా చిన్నాయన అప్పట్ల ఆముదం వేసేది. ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటే: 'మిషన్ కాడ పడ్డ వాన నా చేన్ల పడలే'. గేజ్ మండల కేంద్రంల ఉంటది, చేను పది కిలోమీటర్ల అవతల ఉంటది. గేజ్ దగ్గర ఒక జల్లు పడితే ఊరంతా తడిసినట్టే లెక్క. ఈ తేడా సరిచెయ్యకుండా దేశాల స్థాయికి తీసుకపోతే తప్పు కూడా దేశమంత పెద్దదైతది.

ప్రసాద్_లిలాంగ్వే

శ్రీను గారు భయపడింది మలావీలో అచ్చంగా జరిగింది. నేను ఇక్కడ విత్తనాలు, ఎరువుల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి వివరంగా రాస్తాను.

2012లో ఆఫ్రికన్ యూనియన్ కింద ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ అనే సంస్థ పెట్టారు. దేశాలే ప్రీమియం కడతాయి. ఉపగ్రహ వర్షపాతం నుంచి పంట నష్టం, దాన్నుంచి ఎంతమందికి తిండి కొరత వస్తుందో ఒక సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. గీత దాటితే సొమ్ము వస్తుంది. ఒకే ఏడాది ఖండమంతా కరువు రావడం అరుదు కాబట్టి, ఒక్కో దేశం విడిగా దాచుకోవడం కన్నా అందరూ కలిసి ఒకే నిధి పెట్టుకుంటే తక్కువ ఖర్చవుతుంది. దేశాల మధ్య సహకారానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు. 2015 జనవరిలో మారిటానియా, నైజర్, సెనెగల్‌కు కలిపి 2.6 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు, ఐరాస చందాల పిలుపు రాకముందే.

ఇక మలావీ. 2015-16 సీజన్‌కు దాదాపు 47 లక్షల డాలర్లు ప్రీమియం కట్టింది. ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వానల తీరు మారడం) దెబ్బకు మొక్కజొన్న ఎండిపోయింది. 2016 ఏప్రిల్‌లో అధ్యక్షుడు జాతీయ విపత్తు ప్రకటించారు. 60 లక్షల మందికి పైగా తిండి సాయం అవసరమైంది. కానీ సాఫ్ట్‌వేర్ మాత్రం 'గీత దాటలేదు, సొమ్ము రాదు' అంది!

కారణం ఏమిటంటే, ఎక్కువ రోజులు చేలో ఉండే మొక్కజొన్న రకాన్ని లెక్కలో పెట్టుకున్నారు. రైతులేమో అప్పటికే 90 రోజుల రకాలకు మారిపోయారు. స్వల్పకాలిక రకానికి పూత దశలో రెండు మూడు వారాలు వాన ఆగితే చాలు, పంట పోతుంది. దీర్ఘకాలిక రకమైతే తర్వాత పడే వానకు కోలుకుంటుందని సాఫ్ట్‌వేర్ అనుకుంది. ఊళ్లలో తిరిగి సర్వే చేశాక ఈ తేడా బయటపడింది. మళ్లీ లెక్కగట్టి సుమారు 81 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. అది ఒప్పుకునేసరికి నవంబర్. డబ్బు చేరేసరికి 2017 జనవరి. పంట పోయింది మార్చి-ఏప్రిల్‌లో.

మా షాపుకు వచ్చే ఏ రైతును అడిగినా ఏ రకం వేస్తున్నాడో చెప్పేవాడు. బీమా వాళ్లు అడగాల్సింది అక్కడే. ఆ తర్వాత లెక్కలు సరిచేశారు, 2023-24 కరువుకు మలావీకి మళ్లీ సొమ్ము వచ్చింది. కాబట్టి వ్యవస్థను పారేయమని నేననను. ప్రతి ఏడాదీ విత్తే ముందు ఊరి సమాచారంతో సరిచూడాలన్నదే నా మాట.

గోదారోడు

బియ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. కాకినాడ యాంకరేజీ పోర్టు నుంచి ఏటా పడవల కొద్దీ బియ్యం పశ్చిమ ఆఫ్రికాకు వెళ్తుంది. బెనిన్, ఐవరీ కోస్ట్, టోగో ఇవన్నీ మాకు పేరుపేరునా తెలిసిన ఊళ్లలాంటివి. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. ఎల్ నినో వస్తోంది, ఇక్కడ ధరలు పెరుగుతున్నాయి అని. ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం మనదే. మనం ఆపగానే థాయ్, వియత్నాం బియ్యం రేట్లు ఎగిరాయి. 2024 సెప్టెంబర్ చివర్లో గానీ తెల్ల బియ్యానికి మళ్లీ దారి తెరవలేదు.

ఆ మధ్యలోనే దక్షిణ ఆఫ్రికా ప్రాంతం ఎండిపోయింది. జాంబియా, మలావీ, జింబాబ్వే ఒకదాని వెనక ఒకటి విపత్తు ప్రకటించాయి. తర్వాత మన ప్రభుత్వం మలావీకి వెయ్యి టన్నుల బియ్యం సాయంగా పంపింది. పంపడం మంచిదే, గర్వపడ్డాను కూడా. కానీ ఎగుమతి ఆపడం వల్ల పేద దేశాలకు జరిగిన నష్టం ముందు ఆ వెయ్యి టన్నులు ఎంత? కరువు సహకారం అంటే మొదట ఒక హామీ కావాలి: ఎల్ నినో ఏడాది ఎగుమతులు ఒక్కసారిగా బంద్ చేయం, తగ్గించాల్సి వస్తే ఇంతవరకే, ఇన్ని వారాల ముందు చెప్తాం అని.

సీమరైతు

గోదారి అన్నా, మన దగ్గర కిలో బియ్యం అరవై అయితే ఓటేసినోడు ఊరుకుంటాడా? సొంత జనానికి తిండి చూసుకోకుండా బయటికి పంపమని ఏ సర్కారుకూ చెప్పలేం.

గోదారోడు

తమ్ముడూ, అప్పుడు ఎఫ్‌సీఐ గోడౌన్లలో బఫర్‌కు మించిన నిల్వలున్నాయి. పంపమనేది మిగులులోంచే. పైగా ఆకాశం అందరికీ ఒకేసారి ఎదురు తిరగదు. లా నినా (ఎల్ నినోకు వ్యతిరేకం, పసిఫిక్ చల్లబడటం) ఏడాది మనకు సాధారణంగా నైరుతి బాగుంటుంది, వాణి గారుండే చోట అక్టోబర్-డిసెంబర్ వానలు తప్పుతాయి. 2020 నుంచి 2022 దాకా అలాగే జరిగింది. మనకు పండిన ఏడాది వాళ్లకు కరువని ముందే తెలిసినప్పుడు, ఆ ఏడాది బియ్యాన్ని కెన్యా రేవు మొంబాసా దగ్గర నిల్వ పెట్టే ఒప్పందం ఎందుకు ఉండకూడదు?

ప్రసాద్_లిలాంగ్వే

ఈ ఆలోచన బాగుంది, కానీ ఇక్కడ జనం తినేది న్సిమా, అంటే తెల్ల మొక్కజొన్న పిండి ముద్ద. బియ్యం పట్నాల్లో నడుస్తుంది, పల్లెల్లో అంతగా కాదు. ఎల్ నినో అయితే మనకూ, దక్షిణ ఆఫ్రికా ప్రాంతానికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. కాబట్టి మీ పద్ధతి తూర్పు ఆఫ్రికాకు పనికొస్తుంది, మలావీ, జాంబియాలకు అంతగా కాదు.

కృష్ణాతీరం

ఆహారం, బీమా మాట్లాడారు. నీళ్ల సంగతి కూడా చూడాలి. కరువులో నది పంపకం ఎలా అన్నది రాసుకోకపోతే ఏమవుతుందో అమెరికా, మెక్సికోల మధ్య చూడొచ్చు. 1944 ఒప్పందం ప్రకారం కొలరాడో నది నుంచి మెక్సికోకు ఏటా 15 లక్షల ఎకరా-అడుగుల (ఎకరం మీద అడుగు లోతు నిలిచే నీళ్లు ఒక ఎకరా-అడుగు) నీళ్లు రావాలి. రియో గ్రాండే నది వైపు మెక్సికో అమెరికాకు అయిదేళ్లలో 17.5 లక్షల ఎకరా-అడుగులు ఇవ్వాలి. 'అసాధారణ కరువు' వస్తే వెసులుబాటు ఉంటుందని రాశారు కానీ అసాధారణ కరువు అంటే ఎంత అన్నది రాయలేదు. ఎనభై ఏళ్లుగా ఆ ఖాళీ మీదే గొడవ.

అదే ఒప్పందం కింద కొలరాడో వైపు 2017లో ఇంకో అవగాహన కుదిరింది. ఆ నది మీద అమెరికాలో ఉన్న మీడ్ జలాశయంలో నీటిమట్టం 1,075 అడుగులకు దిగితే ఎవరికి ఎంత కోత అన్నది అంకెలతో రాసుకున్నారు. మెక్సికో తాను వాడని నీళ్లను మీడ్‌లోనే దాచుకోవచ్చు. 2022లో మట్టం దిగినప్పుడు మెక్సికో వాటాలో 80,000 ఎకరా-అడుగులు తగ్గాయి. రెండు వైపులా రైతులకు బాధే, కానీ రాయబారులు కొట్టుకోలేదు. ఒకే రెండు దేశాలు, ఒకే ఒప్పందం. అంకె రాసుకున్న నది దగ్గర ఆ ఏడాది ప్రశాంతంగా గడిచింది, రాసుకోని నది దగ్గర తగాదా ఇంకా నడుస్తోంది.

వాన తక్కువైన ఏడాది శ్రీశైలం, సాగర్ దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడటం చూసినవాళ్లం. మనకూ అలాంటి అంకెలు కావాలి.

వానలెక్క

కృష్ణాతీరం గారూ, మంచి ఉదాహరణ ఇచ్చారు. ఇక పెద్ద వేదికల సంగతి. ఎడారీకరణపై ఐరాస ఒప్పందం 1994 జూన్ 17న పారిస్‌లో కుదిరింది. సహేల్ (సహారా ఎడారికి దక్షిణపు అంచు ప్రాంతం) కరువుల తర్వాత ఆఫ్రికా దేశాలు పట్టుబట్టి సాధించుకున్నది. 2013లో జెనీవా సమావేశంలో ప్రతి దేశానికీ కరువు విధానం ఉండాలన్నారు. 2024 డిసెంబర్‌లో రియాద్ సదస్సులో 1,200 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారు. కానీ ఆఫ్రికా దేశాలు అడిగింది చట్టబద్ధంగా కట్టుబడే ప్రోటోకాల్, అంటే అనుబంధ ఒప్పందం. ధనిక దేశాలు దానికి ఒప్పుకోలేదు. విషయం 2026లో మంగోలియాలో జరిగే సదస్సుకు వాయిదా పడింది.

ఇంకో దెబ్బ ఏమిటంటే, 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేయగానే ఫ్యూస్‌నెట్ మూతపడింది. తర్వాత కొంత తిరిగి మొదలైంది. నలభై ఏళ్లుగా ఎన్నో దేశాలు ఆధారపడిన వ్యవస్థ ఒక దేశపు ఒక్క సంతకంతో ఆగిపోవడం చూస్తే భయమేసింది.

వాణి_నైరోబీ

అందుకే నేను ప్రోటోకాల్ కావాలంటాను. ఇస్తామన్న డబ్బులో ఎక్కువ భాగం అప్పులే. కట్టుబాటు లేకపోతే ప్రభుత్వం మారినప్పుడల్లా మాట మారుతుంది.

కృష్ణాతీరం

నాకు అంత నమ్మకం లేదు మేడమ్. 190కి పైగా దేశాలు ఒప్పుకునే ప్రోటోకాల్‌లో అంకెలుండవు, 'ప్రోత్సహించాలి', 'పరిశీలించాలి' అనే మాటలే మిగులుతాయి. ఒకే నది, ఒకే మేత ప్రాంతం పంచుకునే మూడు నాలుగు దేశాలు గట్టిగా రాసుకునేవే నిలబడతాయి. మీ ఇగాడ్ లాంటివే.

వాణి_నైరోబీ

ఇగాడ్ దేశాలు కలిసి కూర్చోగలవు, అంచనాలు ఇవ్వగలవు. కానీ వాటి దగ్గర డబ్బు లేదు కదండీ. గాలిలోకి ఎక్కువ కార్బన్ వదిలినవాళ్లు బయట ఉన్నారు. చిన్న ఒప్పందాలు సరిపోతాయంటే వాళ్లను వదిలేసినట్టే.

సీమరైతు

మీ ఇద్దరి వాదన చదివాక ఒకటి చెప్పాలనిపించింది. మొదట బయటివాళ్లు బస్తాలే పంపగలరన్నాను. మా పక్క ఇంకో పని కూడా జరిగింది, అదీ లెక్కలోకి రావాలి. ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ డబ్బుతో రాయలసీమ నాలుగు జిల్లాలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్‌లో రైతులే భూగర్భ జలం కొలిచే ప్రాజెక్టు నడిచింది. అంతకుముందు నెదర్లాండ్స్ సాయంతో బోర్ల ప్రాజెక్టు ఉండేది, దాని అనుభవంతో వచ్చిందే ఇది. ఊళ్లోనే రెయిన్ గేజ్, బోరులో తాడు వేసి మట్టం చూసుకోవడం. వానాకాలం అయిపోగానే ఊరంతా కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, రబీలో ఎవరు ఏం వేస్తే ఎన్ని పోతాయి అని గోడ మీద లెక్క రాసేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఆర్డర్ వేయలేదు. లెక్క చూసి చాలామంది వాళ్లంతట వాళ్లే తగ్గించుకున్నారు. ఆ లెక్క రాయడం నేర్చుకున్నవాళ్లలో ఆడవాళ్లు కూడా చాలామంది.

దాంట్లో మాకు డబ్బు చేతికి రాలేదు, పని నేర్పించారు. ప్రాజెక్టు పోయినాక కొన్ని ఊళ్లలో ఆగిపోయింది, అది బాధే. గేజ్ చూసే మనిషికి నెలకు కొంచెం ఇచ్చి ఉంటే నిలబడేది.

ప్రసాద్ గారిని ఒకటి అడగాలి. మా దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఇచ్చిన 91114 రకం వేరుశనగ బెట్టకు బాగా తట్టుకుంది. మీ దగ్గర కూడా వేరుశనగ ఉందా? ఏ రకం?

ప్రసాద్_లిలాంగ్వే

ఉంది సీమరైతు గారూ, బాగా ఉంది. మలావీ పల్లెల్లో కూరల్లో కూడా వేరుశనగ పిండి వేస్తారు. ఇక్కడ సీజీ 7 అనే రకం ఎప్పటినుంచో నడుస్తోంది. అది కూడా ఇక్రిశాట్ ద్వారా వచ్చిందే, లిలాంగ్వే పక్కన చిటెడ్జెలో వాళ్ల కేంద్రం ఉంది. పటాన్‌చెరులో కూర్చుని చేసిన పని ఇక్కడి చేలో కనిపిస్తుంది. సమస్య రకం దగ్గర లేదు, విత్తనం దగ్గర ఉంది. వేరుశనగ విత్తనం ఎకరాకు చాలా పడుతుంది, రైతు దాచుకున్నదే మళ్లీ వేస్తాడు కాబట్టి కంపెనీలకు లాభం లేదు, అందుకే పెద్దగా తయారు చేయరు. కరువు ఏడాది దాచుకున్న విత్తనం కూడా తినేస్తారు. తర్వాతి నవంబర్‌లో వాన పడినా వేయడానికి ఏమీ ఉండదు.

మీ పక్క మహిళా సంఘాలు విత్తన కాయలు దాచి పంచిన పద్ధతి ఉందని విన్నాను. అది ఎలా నడిపారో, తేమ ఎంతవరకు ఎండబెట్టేవారో, తిరిగి ఎంత ఇవ్వాలని రాసుకున్నారో వివరంగా రాస్తారా? ఇక్కడి రైతు సంఘం ఒకటి దాని గురించి అడుగుతోంది. ఉమ్మడి వాతావరణ అంచనా ఇక్కడ ఆగస్టు, సెప్టెంబర్‌లో వస్తుంది. ఆలోపు వాళ్ల చేతిలో పెట్టగలిగితే ఈ సీజన్‌కే పనికొస్తుంది.

సీమరైతు

రాస్తాను. మా ఊరి సంఘం లీడర్ అక్కను అడిగి, వాళ్ల రిజిస్టర్ చూసి రాయాలి. బస్తా తీసుకుంటే బస్తాన్నర తిరిగి ఇవ్వాలని ఉండేదని గుర్తు, వాన తప్పిన ఏడాది మాత్రం మరుసటి పంటకు వాయిదా. కాయ ఒలవకుండా కాయగానే దాచాలి, పప్పు చేసి పెడితే మొలక పోతుంది, అది ముందు చెప్పండి వాళ్లకి. మిగతాది ఈ ఆదివారం పెడతా.